డాల్ఫిన్లకి నిజంగా అంత తెలివి ఉందా, లేక అదంతా చేప ముక్క కోసమేనా?

గాజువాక శ్రీనివాస్:

పోయిన నెల దుబాయ్‌లో మా బావగారింటికి వెళ్ళాం. పిల్లలు పట్టుబడితే డాల్ఫిన్ షోకి కూడా తీసుకెళ్ళాను. బంతులాడాయి, రింగుల్లోంచి దూకాయి, చివర్లో టాటా చెప్పినట్టు రెక్కలూపాయి. జనం ఈలలు, చప్పట్లు. మా చిన్నది రెండో క్లాసు. ఇంటికొచ్చాక "నాన్నా, అవి మనకంటే తెలివైనవట, మా మిస్ చెప్పారు" అంది.

నాకు మాత్రం షో మొత్తం మీద కళ్ళు ట్రైనర్ బకెట్ మీదే ఉన్నాయి. ప్రతి విన్యాసం అయ్యాక ఒక చేప. చేప పడలేదో, ఆట లేదు. మన సంక్రాంతి గంగిరెద్దు కూడా అడిగినదానికల్లా తల ఊపుతుంది, దాన్నెవరూ మేధావి అనరు కదా.

అందుకే అడుగుతున్నాను. బకెట్ పక్కన పెట్టండి. సముద్రంలో వాటి మానాన అవి బతికేటప్పుడు, ఇది తెలివి అని చెప్పదగ్గది ఏం చేస్తాయి? నెట్‌లో వెతికితే సగం మనుషుల్ని కాపాడిన కథలు, సగం వాట్సాప్ సరుకు. దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

నిత్యసత్యం:

డాల్ఫిన్ మెదడు సుమారు 1600 గ్రాములు. మనది 1350 దగ్గర. ఇంకేం కావాలండీ? పైగా అవి ఎప్పుడూ మనుషుల్ని కాపాడుతూనే ఉంటాయి. దేవుడి సృష్టి.

పోర్ట్ రివర్ రమణ:

నిత్యసత్యం గారూ, మెదడు బరువే లెక్కయితే ఎనిమిది కిలోల మెదడున్న స్పెర్మ్ తిమింగలం ఈపాటికి మనందరికీ ట్యూషన్ చెప్పాలి. కాపాడిన కథల సంగతి కూడా ఒక్క మాట. డాల్ఫిన్లు ఒడ్డు వైపు తోసినవాడు బతికొచ్చి పేపరుకి చెప్తాడు. లోపలికి తోసినవాడు చెప్పడానికి రాడు.

శ్రీనివాస్ గారూ, మాది బాపట్ల. ఉండేది అడిలైడ్‌లో, పోర్ట్ దగ్గర ఒక గోడౌన్‌లో నైట్ షిఫ్ట్. ఇక్కడి పోర్ట్ రివర్ పేరుకే నది, నిజానికి సముద్రపు పాయ. ఒకవైపు పవర్ స్టేషన్, ఒకవైపు కంటైనర్లు, మధ్యలో మడ చెట్లు. ఆ నీళ్ళలోనే డాల్ఫిన్లు కాపురం ఉంటాయి. 2005లో చట్టం చేసి ఆ పాయని డాల్ఫిన్ల అభయారణ్యం చేశారు. షిఫ్ట్ దిగి ఇంటికెళ్తే ఎలాగూ వెంటనే నిద్ర పట్టదు. గార్డెన్ ఐలాండ్ వైపు బండి తిప్పి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చుంటాను. ముందు చప్పుడు వస్తుంది, ప్రెషర్ కుక్కర్ వెయిట్ తీసినట్టు 'ఫుస్' అని. దాని వెనకే ఇంకో చిన్న 'ఫుస్'. పెద్దది తల్లి, చిన్నది బిడ్డ. బిడ్డ తల్లి పక్కకి అంటుకుపోయి, దాని ఒంటి వెంట జారే నీటి ఊపు మీద సగం ఈతకొట్టకుండానే వెళ్ళిపోతుంది. వెన్ను మీది రెక్క అంచున నొక్కులు, కోతలు ఉంటాయి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. పరిశోధకులు వాటిని గుర్తుపట్టేది ఆ నొక్కులతోనే. కొన్నాళ్ళు చూస్తే మనమూ పట్టేయొచ్చు.

మీరు బకెట్ అన్నారు కాబట్టి బిల్లీ కథ చెప్తాను. ఇది ఈ నదిలోనే జరిగింది.

బిల్లీ ఇక్కడి ఆడ డాల్ఫిన్. 1988లో, ఇంకా చిన్నప్పుడే, మురికి నీళ్ళలో చిక్కుకుపోతే పట్టుకుని కొన్ని వారాలపాటు ఒక డాల్ఫిన్ షో కొలనులో ఉంచారు. అక్కడి డాల్ఫిన్లకి తోక మీద నిలబడి నీళ్ళ మీద వెనక్కి నడవడం నేర్పించారు, దాన్ని టెయిల్ వాకింగ్ అంటారు. బిల్లీకి ఎవరూ నేర్పలేదు, అది ఒట్టి అతిథి. కోలుకున్నాక తెచ్చి నదిలో వదిలేశారు. తర్వాత చూస్తే అది ఈ నదిలో, బకెట్ లేదు, ట్రైనర్ లేడు, చప్పట్లు లేవు, తోక మీద లేచి నడవడం మొదలుపెట్టింది. అంటే పక్కవాళ్ళు చేస్తుంటే చూసి పట్టేసిందన్నమాట.

అంతటితో అయిపోతే ఒక వింత అనుకుని ఊరుకోవచ్చు. కానీ దాన్ని చూసి మిగతావీ మొదలుపెట్టాయి. వేవ్ అనే ఇంకో ఆడ డాల్ఫిన్ అయితే అందరికంటే ఎక్కువ చేసేది. మైక్ బాస్లీ అని, ఈ నదిలో డాల్ఫిన్లని దశాబ్దాల తరబడి గమనించిన శాస్త్రవేత్త ఉన్నారు. ఏది, ఎప్పుడు, ఎన్నిసార్లు చేసిందో రాసిపెట్టుకున్నారు. 2009లో బిల్లీ చనిపోయింది. 2011 ప్రాంతంలో ఈ మోజు బాగా ముదిరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. 2014లో వేవ్ కూడా పోయాక దాదాపు ఆగిపోయింది. ఇదంతా 2018లో బయాలజీ లెటర్స్ పత్రికలో వచ్చింది. తోక మీద నడిస్తే చేప దొరకదు, ఒంట్లో శక్తి ఖర్చవుతుంది అంతే. కాలేజీలో ఒకడు జుట్టు పెంచితే బ్యాచ్ అంతా పెంచినట్టు, తోటివాళ్ళు చేస్తున్నారు కాబట్టి చేశాయి. నేను ఇక్కడికి వచ్చేసరికి ఆ ఫ్యాషన్ అయిపోయింది, నాకు చూసే యోగం లేదు.

నన్నడిగితే వాటి తెలివి ఎక్కువ ఖర్చయ్యేది చేపల మీద కాదు, తోటి డాల్ఫిన్ల మీద. పశ్చిమ ఆస్ట్రేలియాలో షార్క్ బే అని ఒక అఖాతం ఉంది. 1980ల నుంచి అక్కడి డాల్ఫిన్లని ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, పుట్టుక నుంచి చావు దాకా రాస్తున్నారు. అక్కడి మగవాటి రాజకీయం వింటే మన పంచాయతీ ఎన్నికలు గుర్తొస్తాయి. రెండు మూడు మగవి జట్టుకట్టి ఒక ఆడదాన్ని చుట్టుముట్టి వెంట తిప్పుకుంటాయి. ఇంకో జట్టు వచ్చి ఎత్తుకుపోబోతే, వీటికి అండగా పెద్ద కూటమి ఒకటి ఉంటుంది, 4 నుంచి 14 దాకా మగవి. ఆ కూటమికి మళ్ళీ మిత్రపక్షాలు. కూటమి స్నేహాలు కొన్ని దశాబ్దాలు నిలుస్తాయి. మనుషుల్ని పక్కన పెడితే ఇన్ని అంతస్తుల పొత్తులు ఇంత పెద్ద ఎత్తున కనిపించింది వీటిలోనే.

దీనిమీద స్టెఫనీ కింగ్ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. నీళ్ళలో స్పీకరు దించి, ఒక్కో మగ డాల్ఫిన్‌కి దానికి తెలిసినవాటి ఈలలు వినిపించారు. పైన డ్రోన్ పెట్టి ఎటు తిరుగుతుందో, ఎంత వేగంగా తిరుగుతుందో చూశారు. రోజూ పక్కన తిరిగే దోస్తు ఈలకి కాదు, కూటమి గొడవల్లో అవసరానికి వచ్చి నిలబడ్డవాటి ఈలకి గట్టిగా తిరిగాయి. ఎవరు నాతో తిరిగారు అనేది ఒక లెక్క, ఎవరు నాకోసం వచ్చారు అనేది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క అవి మనసులో పెట్టుకుంటున్నాయి.

ఇందులో ముద్దొచ్చేదేమీ లేదని కూడా చెప్పాలి. ఆ మగజట్లు ఆడదాన్ని బెదిరించి, కరిచి, గుద్ది వెంట ఉంచుకుంటాయి. పసికూనల్ని మగవి చంపిన కేసులు స్కాట్లాండ్‌లో, అమెరికా తూర్పు తీరంలో నమోదయ్యాయి. మీ అమ్మాయికి ఇది ఇప్పుడే చెప్పకండి.

గాజువాక శ్రీనివాస్:

రమణ గారూ, చాలా థాంక్స్. నా గంగిరెద్దు వాదన బిల్లీ దగ్గర ఆగిపోయింది. అయితే ఒక డౌటు. 'తెలిసినవాటి ఈలలు' అన్నారు. ఏ ఈల ఎవరిదో ఎలా తెలుస్తుంది? మనిషికి పేరున్నట్టు వాటికీ ఉంటుందా? ఇది కూడా వాట్సాప్‌లో చూశాను, నమ్మలేదు.

లలిత, రాజమండ్రి:

శ్రీనివాస్ గారూ, నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఈల సంగతి రమణ గారు చెప్తారు, నేను మీ బకెట్‌ని కొంచెం వెనకేసుకొస్తాను.

1965లో హవాయిలో కారెన్ ప్రయర్ అనే ట్రైనర్ మాలియా అనే ఆడ డాల్ఫిన్‌తో ఒక షరతు పెట్టుకున్నారు. ఇంతకు ముందు చేసింది చేస్తే చేప లేదు, ఎప్పుడూ చెయ్యని కొత్తది చేస్తేనే చేప. మొదట మాలియాకి అంతు చిక్కలేదు, పాత విన్యాసాలన్నీ వరసపెట్టి చేసింది. షరతు అర్థమయ్యాక మాత్రం కొత్తవి కనిపెట్టడం మొదలెట్టింది. వెల్లకిలా పడుకుని తోక గాల్లోకి లేపి జారడం లాంటివి, ట్రైనర్లు ఊహించనివి. తర్వాత హౌ అనే ఇంకో డాల్ఫిన్‌తో మళ్ళీ చేసి 1969లో ప్రచురించారు. అక్కడ చేప లంచమే, కాదనను. కానీ ఆ లంచం దేనికిస్తున్నారో పట్టుకోవాలంటే 'ఇదివరకు నేనేం చేశాను' అన్నది గుర్తుండాలి. మా క్లాసులో అసైన్‌మెంట్ కాపీ కొట్టేవాళ్ళకి ఈ షరతు పెడితే ఎంతమంది పాసవుతారో నాకు అనుమానమే.

అలాగని షోలకి పిల్లల్ని తీసుకెళ్ళమని చెప్పను. 1990ల చివర్లో చెన్నై దగ్గర ఒక పార్కుకి విదేశాల నుంచి డాల్ఫిన్లని తెచ్చారు, కొన్ని నెలలు కూడా బతకలేదు. 2013లో మన కేంద్ర ప్రభుత్వం దేశంలో డాల్ఫిన్ షోలకి అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి రాసింది. మనవాళ్ళు దుబాయ్ వెళ్ళి చూడాల్సి వస్తోంది అందుకే.

పోర్ట్ రివర్ రమణ:

లలిత గారూ, మాలియా సంగతి బాగా గుర్తుచేశారు.

శ్రీనివాస్ గారూ, ఈలల విషయంలో వాట్సాప్ ఈసారికి నిజమే చెప్పింది. బాటిల్‌నోస్ అనే జాతిలో ప్రతి డాల్ఫిన్‌కి తనదంటూ ఒక ఈల ఉంటుంది. పసితనంలో తనే తయారు చేసుకుంటుంది, చుట్టుపక్కల విన్నవాటిలోంచి కొంత తీసుకుని. నీళ్ళు మసకగా ఉన్నా, దూరంగా ఉన్నా 'నేనిక్కడున్నా' అని ఆ ఈలే వేస్తుంది. కాల్డ్‌వెల్ దంపతులు 1965లోనే దీన్ని పట్టుకున్నారు. 2013లో స్కాట్లాండ్ తీరంలో ఇంకో అడుగు వేశారు. అడవి డాల్ఫిన్ల ఈలలు రికార్డు చేసి, కంప్యూటర్‌లో అచ్చం అలాంటివే తయారుచేసి నీళ్ళలోకి వినిపించారు. గొంతు వాటిది కాదు, ఈల నమూనా మాత్రమే వాటిది. తన ఈల వినపడ్డ డాల్ఫిన్ 'ఆఁ' అన్నట్టు తిరిగి అదే ఈల వేసింది. వేరేవాళ్ళ ఈల వినిపిస్తే అలా పలకలేదు.

ఎన్నేళ్ళు గుర్తుంటుందంటారా? జేసన్ బ్రక్ అనే ఆయన అమెరికాలో, బెర్ముడాలో బందీగా ఉన్న డాల్ఫిన్ల మీద చూశారు. బెయిలీ, అల్లీ అనే రెండు ఆడవి పిల్లలుగా ఉన్నప్పుడు ఫ్లోరిడాలో కొన్నాళ్ళు కలిసున్నాయి. తర్వాత ఒకటి బెర్ముడాకి, ఒకటి షికాగో దగ్గరికి. 20 ఏళ్ళు దాటాక స్పీకర్లో అల్లీ ఈల పెడితే బెయిలీ గుర్తుపట్టింది, స్పీకరు దగ్గరికొచ్చి ఆగింది. మా టెన్త్ బ్యాచ్ గెట్‌టుగెదర్‌లో నేను సగం మందిని గుర్తుపట్టలేదు.

ఫ్లోరిడాలో సరసోటా బే అని ఇంకో చోటు ఉంది. 1970 నుంచి అక్కడి డాల్ఫిన్లని తరతరాలుగా గమనిస్తున్నారు. నిక్లో అనే ముసలమ్మ 67 ఏళ్ళు బతికిందని కూడా వాళ్ళ రికార్డుల వల్లే తెలుసు. అక్కడ 19 తల్లుల ఈలలు పోల్చి చూశారు, బిడ్డ పక్కన ఉన్నప్పుడు, లేనప్పుడు. ఈల అదే గానీ, బిడ్డ ఉన్నప్పుడు తల్లి గొంతు ఇంకా పైకి లేచింది. మనం చంటిపిల్లలతో 'ఏంటమ్మా, బుజ్జికొండా' అని గొంతు సన్నం చేస్తాం చూడండి, అదే. ఇది 2023లో వచ్చింది.

షార్క్ బే స్పాంజి సంగతి రాద్దామని మర్చిపోయాను, ఇందాకే రాయాల్సింది. అక్కడ కొన్ని డాల్ఫిన్లు సముద్రం అడుగున పెరిగే స్పాంజిని పీకి, ముక్కుకి తొడుగులా పెట్టుకుని ఇసుక, రాళ్ళ ముక్కలు కెలుకుతాయి. ముక్కు గీరుకోకుండా అన్నమాట. అడుగున దాక్కున్న చేప బెదిరి లేస్తుంది. స్పాంజి వదిలేసి చేపని పట్టి, పైకొచ్చి గాలి పీల్చుకుని, వెనక్కెళ్ళి మళ్ళీ అదే స్పాంజి తొడుక్కుంటుంది. ఇంత శ్రమ ఎందుకంటే, అక్కడ దొరికే కొన్ని చేపల ఒంట్లో గాలితిత్తి ఉండదు. డాల్ఫిన్ టిక్‌టిక్‌మని చప్పుళ్ళు చేసి, వాటి ప్రతిధ్వనితో వెతికినా అవి సరిగా తేలవు. కెలకాల్సిందే. ఈ విద్య తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, ముఖ్యంగా కూతుళ్ళకి. కొడుకులు తక్కువే నేర్చుకుంటారు, వాళ్ళకి కూటమి రాజకీయాలున్నాయి కదా. స్పాంజి ఒంటరి పని, టైము తినేస్తుంది. అయినా స్పాంజి వాడే ఆడవి స్పాంజి వాడేవాటితోనే ఎక్కువ స్నేహం చేస్తాయని కూడా తేలింది.

ఉప్పాడ చిన్నా:

రమణన్నా, మా పెదనాన్న బోటు సరంగు. డాల్ఫిన్ తెలివి గురించి ఆయన్నడగాలి. వల లాగే టైముకి ఇంజన్ సౌండు మారుతుంది చూడు, ఆ సౌండుకే ఎక్కడినుంచో వచ్చేస్తాయి. వలలోంచి జారే చేపలు వాటివే. ఒక్కోసారి వలలోది కూడా లాగి, వల చింపేసి పోతాయి. 'పన్ను కట్టించుకుంటున్నాయిరా' అంటాడు. తిడతాడు గానీ, వలలో పడి ఒకటి చచ్చిపోతే ఆ రోజంతా మనిషి మాట్లాడడు. ఇదంతా తెలివి కిందే వస్తుందా, ఒట్టి ఆకలా?

పోర్ట్ రివర్ రమణ:

చిన్నా, రెండూ కలిసే ఉంటాయి. మీ పెదనాన్న చెప్పినదానికి సరిగ్గా సరిపోయేది ఒకటి ఉంది. బ్రిస్బేన్ పక్కన మోర్టన్ బే. 1990లలో అక్కడి డాల్ఫిన్లని చూస్తే రెండు వర్గాలు. రొయ్యల బోట్ల వెనకాల తిరిగి తినేవి ఒకటి, బోట్ల జోలికి పోకుండా సొంతంగా వేటాడేవి ఇంకొకటి. ఒకే నీళ్ళు, ఒకే జాతి, అయినా ఒకదానితో ఒకటి కలిసేవి కావు. తర్వాత అక్కడ బోట్ల వేటని బాగా తగ్గించారు. కొన్నేళ్ళకి మళ్ళీ చూస్తే వర్గాలు లేవు, అన్నీ కలిసిపోయాయి. అంటే ఎవరు ఎవరితో తిరగాలో కొంతవరకు మన వలలే తేల్చాయి.

బ్రెజిల్‌లో లగూనా అనే ఊళ్ళో ఇంకా ముచ్చటైనది. నడుము లోతు నీళ్ళలో జాలర్లు విసురు వలలు పట్టుకుని వరసగా నిలబడతారు. డాల్ఫిన్లు మల్లెట్ చేపల మందని వాళ్ళవైపు తోలుకొస్తాయి. నీళ్ళు మురికి, మనిషికి చేప కనపడదు. డాల్ఫిన్ వీపు వంచి గభాలున మునుగుతుంది, అదే సైగ. వలలన్నీ ఒక్కసారి పడతాయి. మంద చెదిరిపోయి, విడిపోయిన చేపలు డాల్ఫిన్ నోట్లోకి. ఇది 140 ఏళ్ళకి పైగా నడుస్తోంది. జాలర్లు తండ్రుల దగ్గర నేర్చుకుంటారు, డాల్ఫిన్లు తల్లుల దగ్గర. అక్కడి డాల్ఫిన్లన్నీ ఇలా చెయ్యవు, కొన్నే చేస్తాయి. చేసేవాటికి బతికే అవకాశం ఎక్కువని 2023 పరిశోధనలో తేలింది. ఎందుకంటే అవి ఒడ్డు దగ్గరే ఉండిపోయి, లోపల అడ్డంగా వేసిన దొంగ వలల్లో తక్కువ పడతాయి. వల వేసే మనిషి పక్కన ఉండటమే వాటికి క్షేమం అయ్యింది. మీ పెదనాన్నకి ఇది చెప్పు, ఆయనేమంటారో నాకు వినాలని ఉంది.

ఉప్పాడ చిన్నా:

చెప్పానన్నా. 'మనవి కూడా సైగ చేస్తాయి, పన్ను కట్టమని' అన్నాడు.

సుధీర్, పెర్త్:

రమణ గారూ, డిసెంబర్ సెలవుల్లో ఫ్యామిలీతో షార్క్ బే, మంకీ మియా ప్లాన్ చేస్తున్నాం. అక్కడ ఒడ్డునే డాల్ఫిన్లకి చేపలు పెట్టొచ్చంటున్నారు. మీరు బకెట్లని తిడుతున్నారు కదా, వెళ్ళొచ్చా మరి?

పోర్ట్ రివర్ రమణ:

వెళ్ళండి సుధీర్, మంచి చోటు. అక్కడ బకెట్ కథ వేరు. 1960లలో జాలర్లు మిగిలిన చేపలు వెయ్యడంతో మొదలైంది, తర్వాత టూరిస్టులు ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టేవాళ్ళు. తల్లులు ఒడ్డునే కాసుకు కూర్చుని బిడ్డల్ని పట్టించుకోవడం తగ్గింది, ఆ పిల్లలు ఎక్కువగా చనిపోయాయి. లెక్కలు బయటపడ్డాక 1990ల మధ్యలో రూల్స్ బిగించారు. ఇప్పుడు రేంజర్లే నడిపిస్తారు. ఎంచుకున్న కొన్ని పెద్ద ఆడవాటికి మాత్రమే, కొద్దిగా, పొద్దునపూట మాత్రమే. పిల్లలకీ మగవాటికీ అస్సలు పెట్టరు. అందరి చేతా పెట్టించరు, గుంపులోంచి కొందరిని పిలుస్తారు. మీ పిల్లల్ని పిలవకపోతే ఏడవకుండా ముందే చెప్పి ఉంచండి. ముట్టుకోకూడదు.

పెద్ద మజా మాత్రం ఆ తర్వాతే. మేత అయిపోయాక టూరిస్టులంతా టిఫిన్‌కి వెళ్ళిపోతారు, మీరు జెట్టీ మీదే ఉండండి. తల్లీపిల్లలు ఆ లోతు తక్కువ నీళ్ళలోనే తిరుగుతుంటాయి. కెమెరా ఉంటే రెక్కల నొక్కులు ఫోటో తీసి, ఏది ఏదో రేంజర్లనడగండి, వాళ్ళకి పేర్లతో సహా తెలుసు. పెర్త్ నుంచి రోడ్డు మీద 850 కిలోమీటర్ల పైమాటే, డిసెంబర్ ఎండ మామూలుగా ఉండదు. రాత్రి డ్రైవింగ్ పెట్టుకోకండి, కంగారూలు అడ్డం వస్తాయి. పెట్రోలు సగానికి తగ్గిందంటే కనపడ్డ మొదటి బంకులోనే కొట్టించుకోండి.